పెద్దోడు తాగని కల్లు

నాకు ఇద్దరు కొడుకులు. ఇద్దరు ఇమానాలు నడుపుతరు. గీ ముచ్చట చెప్తే మేడ్చల్ బస్టాండుల ఎవ్వరు నమ్మరు. నా చేతుల కూరగాయల సంచి చూస్తరు, చెప్పుకు పెట్టిన పిన్నీసు చూస్తరు, నవ్వుతరు. "అయితే అమ్మా, ఓసారి మమ్ముల గూడ ఎక్కించుకపొమ్మను" అంటరు. నేను గూడ నవ్వుత. లోపలి సంగతి బస్టాండుల చెప్పేది కాదు. సంతకం తప్ప నాకు రాసుడు రాదు. అందుకే నోటితోటి చెప్తున్న.

ఇద్దరు నా కడుపులకెళ్లే వచ్చిన్రు. ఇద్దరు తెల్ల అంగీలే తొడుగుతరు, భుజాల మీద బంగారు రంగు పట్టీలే పెడతరు. కానీ పెద్దోడు నడిపేది పెద్ద కంపెని ఇమానం. ఢిల్లీకి పోతది, బొంబాయికి పోతది, సముద్రం అవతలికి గూడ పోతది. చిన్నోడు నడిపేది పంకల ఇమానం. రెక్కల కాడ పంకలు తిరిగేది కిటికీలకెళ్లి కనవడతది. చిన్న చిన్న ఊర్లకు పోతది. గా చిన్న కంపెని గూడ పెద్ద కంపెనోళ్లదే. ఇమానం మీద రంగు ఒకటే, పేరు ఒకటే, టికెటు ఒకటే. ఎక్కినోళ్లకు తేడా తెల్వది. నడిపినోళ్లకు జీతం చేతికొచ్చినప్పుడు తెలుస్తది. మా చిన్నోనిది వాళ్ల అన్న జీతంల సగం గూడ ఉండకపోయేది.

మాది బౌరంపేట దిక్కు. మక్కచేను ఉండె. దుండిగల్ మిల్ట్రీ పోరగాండ్లు ఇమానం నేర్చుకునేది మా చేను మీదికెళ్లే. పొద్దంత గుయ్యిమని తిరుగుతుండె, బర్లు బెదిరి పాలు చేపకపోతుండె. నేను తిట్టుకుంట కలుపు తీస్తుంటే, మా ఆయన, కొడుకులిద్దరు గెట్టు మీద ఎల్లెలకల పండుకొని మీదికి చూస్తుండిరి. "భూమి ఎట్లాగు ఉండదే. ప్లాట్లు చేసే వెంచరోళ్లు ఇయ్యాల కాకుంటే రేపు మింగుతరు. పిలగాండ్లన్న మీదికి పోనీ" అన్నడు మా ఆయన. సగం అమ్మి ఇద్దరిని ట్రైనింగుకు తోలిండు.

చిన్నోడు పరీక్షలన్ని ఒక్కపారే పాసైండు. పెద్దోడు గాలులు, మబ్బుల పరీక్ష ఒకటుంటదట, దాంట్ల మళ్ల మళ్ల తప్పిండు. గంతల మా ఆయన గుండె ఆగి పోయిండు. ఇంట్ల సంపాదించెటోడు లేడు. పంకల ఇమానం కంపెనోళ్లు పిలిస్తే చిన్నోడు మర్నాడే పోయి చేరిండు. వానితోటి సదివినోళ్లు, "అరేయ్, ఒకసారి పంకల్ల కూసుంటే ఆడనే ఉండిపోతవ్, పెద్ద కంపెని పిలిచేదాక ఆగు" అన్నరంట. "నేను ఆగుత, మా అమ్మ పొయ్యి ఆగుతదా" అన్నడంట వీడు.

పెద్దోడు ఆగిండు. ఆగినన్ని దినాలు తమ్ముని జీతంతోనే తిన్నడు. ఎత్తిపొడుస్తున్నవా అంటే ఎత్తిపొడుపే, ఏం దాసుడు లేదు. వాడు పరీక్ష పాసైనంక, పెద్ద ఇమానం నేర్పియ్యనీకి మిగిలిన భూమి గూడ అమ్మిన. వాడు పెద్ద కంపెనిల చేరెటాళ్లకు మా చిన్నోడు కెప్టెన్ అయి గూడ మస్తు దినాలైంది. ఇమానంల ఎడమ దిక్కు కూసునేటోడు కెప్టెన్. మాట వానిదే నడుస్తది. కుడి దిక్కు కూసునేటోడు వాని చేతికింద.

కొట్లాట గంటల కాడ మొదలైంది. ఇమానం నడిపెటోళ్లకు గాలిల ఎన్ని గంటలుంటే గంత జీతం. పెద్ద కంపెని, దగ్గర ఊర్లకు పెద్ద ఇమానాలు దండుగని, గా రూట్లన్ని చిన్న కంపెనికి ఇచ్చుడు షురూ చేసింది. పెద్దోని గంటలు తగ్గినయ్, చిన్నోని గంటలు పెరిగినయ్. ఒక ఆదివారం అందరు నా కాడనే తింటున్నరు. పెద్దోడు బొక్క కొరుక్కుంట అన్నడు:

"ఏం రా, తిరుపతి గూడ మింగిన్రట మీరు?"

"నేను మింగుడేందన్నా? డ్యూటీ ఏసిన్రు, నడిపిన."

"చౌకగ దొరికిన్రు గనుక ఏసిన్రు. మీరు గంత తక్కువకు ఒప్పుకోకపోతే మా రూట్లు ఎందుకు పోతుండె?"

"మీతోని సమానం ఇయ్యమని మీ యూనియనోళ్లు ఓసారన్న అడిగిండ్రా? సమానం ఇస్తే చౌకోడు ఎవ్వడుండడు గదా."

"మేమెందుకు అడుగుతం రా? నేను నడిపేదేంది, నువ్వు నడిపేదేంది? నాది జెట్టు. నీది ఆర్టీసి పల్లెవెలుగు."

పెద్ద కోడలు పక్కున నవ్వింది. చిన్నోడు గూడ నవ్విండు గానీ చేతిల ముద్ద నోట్లకు పోలే.

"అన్నా, నేను దిగేటప్పుడు నేల మెత్తగుంటదా? చిన్న కంపెనోడు పాపమని వాన పక్కకు జరుగుతదా?"

"మరిది మాటలు మాత్రం జెట్టే" అన్నది పెద్ద కోడలు. నేను అందరికి పులుసు పోసిన.

ఆ తర్వాత పెద్ద కంపెనోళ్లందరు ఒక్కటై, ఒక్క దినమే అందరికి జరం అని సెలవు పెట్టిన్రు. రూట్లు వాపసు ఇచ్చేదాక ఇమానం ఎక్కం అన్నరు. కంపెని ఏం చేసింది? ఆళ్ల ఇమానాలు ఆపి, చిన్న కంపెనోళ్లను లేపి పంపింది. మా చిన్నోడు పోయిండు. పెద్దోడు నాకు ఫోను చేసి గింత కేక:

"నీ కొడుకు మా కడుపు మీద కొట్టిండమ్మా! మేం పట్టు మీదుంటే వాడు దొంగతనంగ పోయి నడిపిండు!"

"వాడు నీ తమ్ముడు రా."

"నా తమ్ముడైతే పోయేటోడా?"

చిన్నోన్ని అడిగిన. వాడు బూట్లు తుడుసుకుంట చెప్పిండు. "అన్నకు జరమొస్తే ఆయన వెనక యూనియన్ ఉన్నది. నాకొస్తే రేపటికెళ్లి రావద్దంటరు. మాకు ఎవ్వలున్నరమ్మా?" చిన్న కోడలు తుర్కపల్లి మందుల కంపెనిల పనిచేస్తది, కంపెని క్యాబు కోసం కింద నిలవడి ఉన్నది, ఆమె మీదికి చూసి, "ఇంకోసారి పోకు, ఏమైనా కానీ" అని ఒర్రింది. వాడు రెండో బూటు అందుకున్నడు.

గప్పుడు అసలు సంగతి పడ్డది. రెండు కంపెనీలను ఒక్కటి చేస్తం అన్నరు. నాకైతే పానం లేచొచ్చింది. పీడ పోయింది, ఇగ ఇద్దరు ఒక్కటే అనుకున్న. చిన్నోడే కూసోబెట్టి చెప్పిండు. అందరి పేర్లు ఒక్క వరుసల పెడతరట, దాన్ని సీనియార్టీ లిస్టు అంటరట. వరుసల పైనున్నోనికి మంచి ఇమానం, మంచి రూటు, పండుగకు సెలవు, ఎడమ దిక్కు కుర్చీ. కిందున్నోనికి మిగిలింది. ఎన్నడు చేరిన్రో దాన్నిబట్టి పెడితే మా చిన్నోడు పైన ఉంటడు, కెప్టెన్ కుర్చీ ఉంటది. చిన్న కంపెనోళ్లనందరిని తెచ్చి వరుస తోకకు కడితే, వాడు మళ్ల కుడి దిక్కు కుర్చీల కూసోవాలె, మొన్న మొన్న చేరిన పోరగాండ్ల చేతికింద. పెద్ద కంపెనోళ్ల దిక్కుకెళ్లి గిది తేల్చెటోళ్లల్ల మా పెద్దోడు ఉన్నడు. చేరిన తారీఖు లెక్క అయితే తమ్ముడు వాని మీద ఉంటడు. అడ్డం ఆడనే పడ్డది.

నేను మా బావ కాడికి పోయిన. బావ అంటే మా ఆయన అన్న, శామీర్‌పేటల ఉంటడు. ఇదివరకు సర్పంచి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతడు. మా ఇంటోళ్లల్ల గెట్టు కొట్లాటైనా, ఆలుమగల కొట్లాటైనా ఆయన ముంగటనే తెగుతది. మా వాళ్లల్ల కట్టుబాటు ఏందంటే, తీర్పు ఒప్పుకున్నోళ్లిద్దరు ఒక్క లొట్టిలకెళ్లి కల్లు పోసుకొని తాగాలె. తాగినంక మాట తప్పితే వాని గడప ఎవ్వరు తొక్కరు, పెండ్లి లేదు, సావు లేదు. చిన్న కోడలు అన్నది, "అత్తమ్మా, కంపెని లిస్టు పంచాయితీల తెగుతదా?" భూములు తెగినయ్ గిదెందుకు తెగదన్న.

బావ పిలిపిస్తే కొడుకులిద్దరు వచ్చిన్రు, ఆయన వెంచరు ఆఫీసుల కూసున్నం. గోడకు ప్లాట్ల పటం, ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ గాలి. ఇంకిద్దరు పెద్దమనుషులు వచ్చిన్రు. ఒకాయన మీసం దువ్వుకుంట అడిగిండు:

"ఇమానాలు ఎవ్వలియి పటేలా? మీయా?"

"కంపెనియి పెద్దయ్యా" అన్నడు చిన్నోడు.

"మరి కొట్లాట దేనికి?"

"ముందల ఎవ్వలుండాలె, ఎనుక ఎవ్వలుండాలె అని."

"పెద్దోడు ముందల, చిన్నోడు ఎనుక. అయిపాయె. చాయ్ చెప్పుండ్రి!"

అందరు నవ్విన్రు. బావ నవ్వలే. "ఆగయ్యా. గిది ఇల్లు కాదు, నౌకరి. బస్సు డిపోల గూడ ముందు చేరినోడే ముందు."

"డిపో వేరే పెదనాయినా" అన్నడు పెద్దోడు. "నా ఎనుక మస్తుమంది ఉన్నరు. లోన్లు తీస్కొని నేర్చుకున్నోళ్లు. ఆళ్ల నెత్తి మీద పంకల ఇమానపోళ్లను ఎక్కిస్తే నన్ను బతకనిస్తరా?"

"ఎక్కిచ్చుడు, దించుడు కంపెని చూసుకుంటది. నువ్వు వాన్ని గెలిపియ్యాలని మేం అంటలేం. లిస్టు తేల్చే మీటింగుల తమ్మునికి అడ్డం మాట్లాడద్దు. చేరిన లెక్కనే న్యాయం అని ఒక్క మాట అను. అంటవా, అనవా?"

పెద్దోడు ఏసీ దిక్కు చూసిండు, గోడ దిక్కు చూసిండు. "సరే పెదనాయినా" అన్నడు.

లొట్టి తెచ్చిన్రు. చిన్నోడు గ్లాసు ఎత్తి ఒక్క గుక్కల తాగి మూతి తుడుసుకున్నడు. పెద్దోడు గ్లాసు పట్టుకొని అన్నడు, "రేపు తెల్లారంగ డ్యూటీ పెదనాయినా. ఎక్కేముంగట మిషన్ల ఊదాలె. ఇంత వాసన తగిలినా లైసెన్సు పోతది."

మీసమాయన నమ్మలే. "కల్లుకు లైసెన్సు పోవుడేంది?"

మా చిన్నోడే అడ్డం వచ్చిండు. "నిజమే పెద్దయ్యా. డ్యూటీ ఉంటే ముంగటి దినం చుక్క ముట్టద్దు మేము. అన్నను బలవంతం చెయ్యకుండ్రి."

పెద్దమనుషులు గుసగుసలాడుకున్నరు. మూతికి తాకిస్తే తాగినట్టే అన్నరు. వాడు తాకించి దించిండు. తర్వాత కూల్‌డ్రింక్ తాగిండు. మా ఇంటి పంచాయితీల మూతికి తాకించి దించుడు నేను గదే మొదటిసారి చూసుడు. అయినా ఖుషీగ ఇంటికొచ్చి మక్కగారెలు చేసిన.

ఆ మీటింగు పట్నంల పెద్ద హోటల్ల అయింది. మా చిన్నోని దోస్తు ఒకడు ఆడ ఉండె, వాడే చెప్పిండు. మా పెద్దోడు లేచి, చిన్న కంపెనోళ్లందరు లిస్టు కిందికెళ్లే రావాలె, ఆళ్ల కెప్టెన్లు గూడ కుడి దిక్కే మొదలువెట్టాలె అన్నడంట. అని ఊకోలే. "నా సొంత తమ్ముడు అందుల ఉన్నడు. అయినా నేను గిదే మాట అంటున్న" అన్నడంట. చప్పట్లు కొట్టిన్రట. నిలవడి కొట్టిన్రట. నా చిన్నోన్ని చూపెట్టి పెద్దోడు చప్పట్లు తెచ్చుకున్నడు.

బావ నా ముంగటనే వానికి ఫోను కలిపి స్పీకరు పెట్టిండు.

"ఏం రా, లొట్టి కాడ ఏమన్నవ్, ఆడ పోయి ఏమన్నవ్?"

"పెదనాయినా, నేను కల్లు తాగలే గదా."

బావ ఫోను పెట్టేసిండు. "మరదలా, ఇగ నీ కొడుకుల పంచాయితీ నా కాడికి తేకు" అన్నడు. నాకు పోయే జాగ ఒక్కటుండె. గదీ మూసుకున్నది.

కొన్ని దినాలకు పెద్ద కోడలు ఫోను చేసింది, మంచిగనే మాట్లాడింది. నడుమ అన్నది, "శామీర్‌పేట పంచాయితీ మర్నాడు మస్తుగుండె అత్తమ్మా. పిల్లలను తీస్కొని చెరువు కట్టకు పోయినం, ఆడనే ధాబాల తిన్నం, ఎన్ని దినాలాయెనో అట్ల పోయి."

"వానికి డ్యూటీ లేకుండెనా?"

"లేదు అత్తమ్మా, రెండు దినాలు సెలవే ఉండె."

పాపం, ఆమెకు లొట్టి సంగతి తెల్వది. నేను "మంచిది బిడ్డా" అని పెట్టేసిన. గ్లాసు చేతిల పట్టుకున్నప్పుడే నా కొడుకు అంత ఆలోచన చేసుకున్నడు. మిషన్ల ఊదుడు, లైసెన్సు పోవుడు అన్ని నిజాలే చెప్పిండు, ఒక్క డ్యూటీనే అబద్ధం. చిన్నోనికి నేను గిది ఇప్పటిదాక చెప్పలే. లొట్టి కాడ అన్న దిక్కు మాట్లాడింది వాడే. గది గూడ పోతే వాని చేతిల ఏం మిగులుతది?

లిస్టు వచ్చింది. చిన్న కంపెనోళ్లందరిని తోకకే కట్టిన్రు. పంకల ఇమానాలు ఒక్కొక్కటే తీసేసిన్రు, మా చిన్నోన్ని పెద్ద ఇమానం మీదికి పంపిన్రు, కుడి దిక్కు కుర్చీకి. జీతం కొంచెం పెరిగింది, గది గూడ చెప్పాలె. కానీ భుజం మీద కెప్టెన్‌కుండే నాలుగు పట్టీల జాగల మూడే ఉన్నయ్. మొదటి పొద్దు వాడు అద్దం ముంగట నిలవడితే నేను చాయ్ పట్టుకొని పోయిన. "డ్యూటీ ఎవ్వని పక్కకు పడ్డది?" అని అడిగిన. "నేను కెప్టెన్ అయినంక సదువుకోను చేరినోడమ్మా. మంచోడే. నన్ను సార్ అంటడు, మళ్ల నాలుక కరుసుకుంటడు" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. వాడు నవ్వకపోయినా బాగుండు.

పెద్దోడు బౌరంపేట్ల గేటు లోపలి ఇల్లు కట్టుకున్నడు. ఇల్లు చొచ్చుడుకు పిలువ వచ్చిండు, కొత్త కారుల.

"తమ్మున్ని తీస్కరా అమ్మా. రాకపోతే నలుగురు ఏమనుకుంటరు."

"నువ్వే పిలువు."

"నేను చేస్తే ఫోను ఎత్తడు."

"ఎందుకు ఎత్తుతడు రా?"

వాడు కూసున్నడు. మంచమే గట్టిగున్నట్టు జరుగుకుంట కూసున్నడు. "అమ్మా, నేను గా మాట అనకపోతే ఇంకొకడు అనేటోడు. లిస్టు గిట్లనే వస్తుండె. నా వల్లనే వచ్చినట్టు చేస్తవేంది?" అన్నడు.

"ఇంకొకడు అంటే వాడు నా కొడుకు గాడు."

చిన్నోడు పోనన్నడు, కోడలు గూడ పోనన్నది. నేను ఆటోల ఒక్కదాన్నే పోయిన. కన్నతల్లిని గదా, పోకుండ ఎట్ల ఉంట. పోయి చూస్తే బావ గూడ వచ్చిండు, పెద్దమనుషులిద్దరు వచ్చిన్రు. మూతికి తాకిస్తే తాగినట్టే అన్నోళ్లకే, ఇప్పుడు వాడు కల్లు తాగలే గనుక కట్టుబాటు పట్టదట, గడప తొక్కొచ్చట. మీసమాయన ఇల్లంత తిరిగి చూసి, "జబర్దస్త్ కట్టినవ్ బిడ్డా" అని వాని భుజం సరిసిండు. పెద్ద కంపెనోళ్లు గూడ భార్యలతోని వచ్చిన్రు.

మిద్దె మీద టెంటు కింద తినేటందుకు బంతులు పెట్టిన్రు. మొదటి బంతిల బావ, పెద్దమనుషులు, ఇమానపోళ్లు. పెద్ద కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "అత్తమ్మా, మీ కోసం ముందల కుర్చీ ఉంచిన." నేను పోలే. రెండో బంతికి పిలిచిన్రు, పోలే. డప్పులోళ్లు, వంటోళ్లు, ఇంటికి సున్నమేసినోళ్లు కూసునే ఆఖరు బంతి పడ్డంక పోయి, ఆ కొసకు కూసున్న.

పెద్దోడు చూసి ఉరికొచ్చిండు.

"గిదేందమ్మా! అందరు చూస్తున్నరు. లే, లోపల కూసుందువు దా."

"చూడనీ."

"తల్లి ఆఖరు బంతిల తింటదా?"

"నేను ఇయ్యాల చిన్నోని తల్లిగ వచ్చిన బిడ్డా. నువ్వే గదా వాన్ని ఎనుకకు కట్టింది. వాని తల్లి ముందల ఎట్ల కూసుంటది?"

వాని ముఖం నల్లగయింది. వడ్డించెటోని చేతులకెళ్లి బకెట్ గుంజుకొని, వంగి నా ఇస్తారిల బగార అన్నం ఎయ్యబోయిండు. నేను చెయ్యి అడ్డం పెట్టిన.

"పక్కోళ్లకు ఏసి రా. వరుసల వచ్చినప్పుడు తింట."

వాడు పోయి పక్కోళ్లకు ఏసిండు. ఒక్కొక్కలకు ఏసుకుంట నా కాడికి వచ్చెటాళ్లకు బకెట్ల అడుగంటింది ఇంత ఉండె. గదే ఏసిండు. పప్పు సల్లగయింది. వాడు నిలవడి చూస్తుండంగనే మొత్తం తిన్న, ఇస్తారి మడిసిన, చెయ్యి కడుక్కున్న. "ఉంటవా అమ్మా?" అని అడిగిండు. చిన్నోడు మాపటికి డ్యూటీ దిగి వస్తడు, వానికి వండాలె అన్న. గేటు కాడ కావలోడు సలాం కొట్టి కారు ఏది అని అడిగితే, లేదని చెప్పి, ఆటో కోసం రోడ్డు దాక నడిసిన.